కారులో నిద్ర: నాలుగో రాత్రికి చెమ్మ తగ్గింది

నిన్న రాత్రి కారులో ఐదున్నర గంటలు మెలకువ రాకుండా నిద్రపోయాను. ఇదే మొదటిసారి. మరిచిపోకముందే కొలతలతో సహా రాసిపెడుతున్నాను.

మొదటి రాత్రి నడుం నొప్పితోనే తెల్లారింది. వెనక సీట్లు మడిస్తే చదునుగా ఉంటుందనుకున్నాను కానీ, డిక్కీకీ సీటుకీ మధ్య 8 సెంటీమీటర్ల మెట్టు ఉంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, డిక్కీ వైపు కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు సరిచేశాను. పైన 5 సెంటీమీటర్ల ఫోమ్. ముందు సీట్లు పూర్తిగా జరిపినా పొడవు 165 సెంటీమీటర్లే వచ్చింది, నా ఎత్తు 172. ఐమూలగా పడుకుంటే సరిపోతోంది. బండి వాలులో ఉంటే తల ఎత్తు వైపే పెట్టుకోవాలి.

రెండో రాత్రి చలికి భయపడి అద్దాలన్నీ బిగించాను. పొద్దున చూస్తే అద్దాల లోపలి వైపు నీళ్లు ధారలు కట్టాయి, దుప్పటి అంచులు తడిసిపోయాయి. మనిషి ఊపిరితో రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరై పోతుంది. మూసిన కారులో అది పోయేదెక్కడికి? చల్లని అద్దానికి తగిలి మళ్లీ నీరవుతుంది. పైగా తడిసిన దుప్పటి వెచ్చదనం ఇవ్వదు. అంటే గాలి ఆపి చలిని నేనే పెంచుకున్నాను.

మూడో రాత్రి ఎదురెదురు అద్దాలు రెండు సెంటీమీటర్లు దించాను. దోమతెర గుడ్డను తలుపు పైనుంచి వేసి తలుపు మూస్తే దానంతటదే బిగుసుకుంటుంది. కానీ వెలుతురు రాకుండా అద్దాలకు పెట్టిన వెండిపూత షీట్లను అంచులదాకా సరిగ్గా కోశాను. దించిన సందులు వాటితోనే మూసుకుపోయాయి! మళ్లీ తడి. నిన్న ఆ షీట్ల పై అంచు రెండు సెంటీమీటర్లు కత్తిరించాను. తేడా వెంటనే తెలిసింది: షీట్ వెనక అద్దం మీద పల్చటి చెమ్మ పొర తప్ప దుప్పటి పొడిగా ఉంది.

ఇంకో సంగతి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపల్నుంచి తెరుచుకోవు. అర్ధరాత్రి అది తెలిసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. పడుకునే ముందే చూసుకోండి. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంచి, తాళం రోజూ ఒకే చోట పెట్టండి. వెచ్చదనం కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం, లోపల స్టవ్ వెలిగించడం మాత్రం ఎంత చలైనా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పొద్దున ఫోమ్ ఎత్తి చూస్తే కింద ప్లైవుడ్ తడిగా ఉంది. ఒంటి వేడికి పుట్టిన ఆవిరి అక్కడ చేరుతోంది. ఐదో రాత్రికి ముందు చెక్కకు వరసగా రంధ్రాలు వేయించాలి.