జర్మన్ అంటే మనిషే, ఫ్రెంచ్ అంటే కాదు

హన్మకొండ నయీంనగర్‌లో నేను చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వచ్చేవాళ్ళలో చాలామంది ఎక్కడికో ఒకచోటికి పోయేవాళ్ళే. ఒకమ్మాయి జార్జియాలో ఎంబీబీఎస్‌కు, ఒకాయన మస్కట్‌లో డ్రైవర్ పనికి, ఇంకొకామె డాలస్‌లో ఉన్న భర్త దగ్గరికి. ఫలానా దేశపు మనిషిని ఇంగ్లిష్‌లో ఏమనాలి అన్నది వీళ్ళకు నిత్యావసరం. గ్రామర్ పుస్తకాల్లో మాత్రం దానికి అరపేజీ ఇచ్చి వదిలేస్తారు.

'అన్'తో ముగిసే మాటలతో చిక్కు లేదు. ఇండియన్, అమెరికన్, రష్యన్, జార్జియన్. విశేషణమూ అదే, మనిషీ అదే. ముందు 'ఎ' పెట్టుకోవచ్చు, వెనక 'ఎస్' తగిలించుకోవచ్చు. జర్మన్ కూడా అంతే. బహువచనం జర్మన్స్, 'జర్మెన్' కాదు. ఇక్కడితో ఊరుకుంటే పిల్లలు అదే ఊపులో 'ఎ ఫ్రెంచ్', 'యాన్ ఇంగ్లిష్' అనేస్తారు.

ఇంగ్లిష్, ఐరిష్, వెల్ష్, ఫ్రెంచ్, డచ్ ఒక తల్లి పిల్లలు. చివర వినిపించే ఆ ష్, చ్ పాత జర్మానిక్ భాషల్లోని ఒకే ప్రత్యయం అరిగిపోగా మిగిలిన ముక్క. దాని పని విశేషణాలు తయారు చేయడమే. అందుకే 'ద ఫ్రెంచ్' అంటే ఆ జనమంతా. ఒక్కడైతే ఫ్రెంచ్‌మన్, ఆవిడైతే ఫ్రెంచ్‌వుమన్. స్పెయిన్, పోలండ్, డెన్మార్క్, స్వీడన్, టర్కీ వాళ్ళకేమో మనిషికి విడిగా మాటలున్నాయి: స్పానియర్డ్, పోల్, డేన్, స్వీడ్, టర్క్. వీటికి సూత్రం వెతక్కండి, బట్టీ పట్టేయండి అంటాను. స్కాట్లండ్ మనిషి స్కాట్, స్కాచ్ అంటే సీసా. ఈ ఒక్కటి మా మగపిల్లలు ఎవరూ మరిచిపోరు.

అసలు తలనొప్పి చైనీస్, జపనీస్, పోర్చుగీస్, వియత్నమీస్‌లతో. చివర ఉన్న స్ వల్ల ఏకవచనం కూడా బహువచనంలా వినిపిస్తుంది. ఇంగ్లిష్ వాళ్ళకే అలా వినిపించింది. ఒకప్పుడు ఆ స్ పీకేసి ఒక్కడిని 'చైనీ', 'పోర్చుగీ' అనేవారు. బఠాణీకి 'పీ' అన్న మాట పుట్టింది కూడా ఇలాగే, 'పీజ్' అన్న ఏకవచనాన్ని బహువచనం అనుకోవడం వల్ల. బఠాణీ విషయంలో ఎవరికీ అభ్యంతరం రాలేదు గానీ, 'చైనీ' వెటకారపు మాటగా మిగిలింది. 'చైనామన్' సంగతీ అంతే. క్రికెట్‌లో కుల్‌దీప్ యాదవ్ ఎడమచేత్తో మణికట్టు తిప్పి వేసే స్పిన్ బంతిని కామెంటరీలో అలాగే అనేవారు కదా, ఇంగ్లండ్‌లో వచ్చే క్రికెట్ వార్షిక సంచిక విజ్డెన్ 2018లో ఆ మాట మానేసింది.

మరి 'ఎ చైనీస్' అనొచ్చా? నిఘంటువులో ఉంది, మన దేశపు ఇంగ్లిష్‌లో వినిపిస్తుంది కూడా. కానీ ఇంగ్లండ్, అమెరికాల్లో చాలామంది చెవికి అది మొరటుగా తగులుతుంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక, మా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి అక్కడికి వచ్చేవాళ్ళకు గుడి చూపించే పనిలో పడ్డాడు. కనిపించిన ప్రతి ఒక్కరినీ 'ఆర్ యూ ఎ జపనీస్?' అని అడుగుతున్నాడట.

"ఆ 'ఎ' ఒక్కటి తీసెయ్ రా" అన్నాను.

"తీసేస్తే ఏమైతది మేడమ్?"

తీసేస్తే అది ఆ మనిషి గురించిన ఒక సంగతి అవుతుంది. పెడితే, మనిషికి చీటీ అంటించినట్టు ఉంటుంది. 'ఆర్ యూ జపనీస్?' చాలు. అసలు 'వేర్ ఆర్ యూ ఫ్రమ్?' అంటే ఇంకా మంచిది, కొరియా వాళ్ళయితే పరువు దక్కుతుంది.

గల్ఫ్‌కు పోయేవాళ్ళ పాఠం వేరు. జగిత్యాల దగ్గర ఉండే మా బావ చాన్నాళ్ళు సౌదీలో చేసి వచ్చాడు. పోయిన కొత్తలో ఒక దుకాణదారు ఆయన్ను "ఇంత హిందీ?" అని అడిగాడట. "ఇంత హిందీ వస్తదా అని మెచ్చుకుంటున్నడనుకున్న" అని ఇప్పటికీ నవ్విస్తాడు. అరబ్బీలో ఇంత అంటే నువ్వు, హిందీ అంటే ఇండియావాడు. చివరున్న ఆ ఈకారమే ఒమానీ, కువైటీ, ఇరాకీల్లో కనిపించేది. ఇంగ్లిష్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని బహువచనానికి 'ఎస్' చేర్చుకుంది. మన హైదరాబాదీ, దక్కనీలకూ అదే తోక కాబట్టి ఇవి మనవాళ్ళ నోట ఇట్టే తిరుగుతాయి. బయోడేటాల్లో 'దుబాయన్' అని రాసుకొస్తారు గానీ, దుబాయ్ దేశం కాదు, యూఏఈ అనే దేశంలోని ఏడు ఎమిరేట్లలో ఒకటి. దేశపు మనిషి ఎమిరాటీ. అలాగే అరబ్ అంటే మనిషి, అరబిక్ అంటే భాష, అరేబియన్ అంటే గుర్రమో సముద్రమో. 'ఐ వర్క్‌డ్ విత్ అరబిక్స్' అని రాసిన కాగితాలు నేను ఎన్ని దిద్దానో. ఆఫ్ఘన్ మనిషి, ఆఫ్ఘనీ డబ్బు. ఫిలిప్పీన్స్‌కు 'పి' ఉండి ఫిలిపినోకు 'ఎఫ్' ఎందుకంటే, ఆ దీవులకు పేరిచ్చిన స్పెయిన్ రాజు ఇంగ్లిష్‌లో 'పి'తో ఫిలిప్, స్పానిష్‌లో 'ఎఫ్'తో ఫెలిపే.

లండన్ పోయేవాళ్ళకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్తాను. మన పేపర్లు హెడ్డింగుల్లో 'పాక్' అని రాస్తే అది దేశం. దానికి ఈకారం చేర్చి మనిషిని అన్నారంటే బ్రిటన్‌లో అది పచ్చి తిట్టు. మనల్ని కూడా అదే మాటతో తిట్టినవాళ్ళున్నారు అక్కడ. పాకిస్తానీ అని పూర్తిగా అనండి, ఒక్క సెకను పోతుంది అంతే.

"తెలుగులో ఈ గోల లేదు కదా మేడమ్, దేశం పేరుకు 'వాడు' తగిలిస్తే అయిపాయె" అంది జార్జియా అమ్మాయి. 'ఎ' పెట్టాలా వద్దా అన్న బాధ మనకు లేదు, నిజమే. కానీ చైనోడు అంటున్నామా, చైనాయన అంటున్నామా? నోరు తెరిచేలోపే మర్యాద తేల్చుకోవాలి. చైనీయుడు, జపనీయుడు ఉన్నాయి గానీ, పేపర్లో తప్ప మనిషి నోట నేను విన్నది లేదు. మా బావైతే రూంలో కలిసి ఉన్న పెషావర్ ఆయన్ను ఇప్పటికీ పఠాన్ భాయ్ అనే అంటాడు.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా పిల్లలు ఎవరు కనబడ్డా 'నైజీరియన్' అనేస్తాం. సూడాన్ అబ్బాయి కావచ్చు, టాంజానియా అమ్మాయి కావచ్చు. ఢిల్లీలో మనల్ని మద్రాసీ అంటే ఊరుకుంటామా? పైగా నైజీరియా వేరు, దాని ఉత్తరాన ఉన్న నైజర్ వేరు. నైజీరియా వాళ్ళు నైజీరియన్లు, నైజర్ వాళ్ళు నైజేరియన్లు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. ఆ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే మస్కట్ ఆయన చెయ్యెత్తి, "ఇది ఇంటర్వ్యూల అడగరు కద మేడమ్?" అన్నాడు.

అడగరు.