ఫ్యూయల్ గేజ్ రిపేరు: మూడు శనివారాలు

మాది 18 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ బోటు. డాలస్ దగ్గర లేక్ లూయిస్‌విల్‌లో తిప్పుతుంటాం. కొన్ననాటి నుంచీ ఫ్యూయల్ గేజ్ ముల్లు సగం దగ్గరే కూర్చుని ఉంది. ట్యాంకు నింపినా సగమే, ఖాళీ చేసినా సగమే. పోయిన నెల నీళ్ల మధ్యలో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎవరో పుణ్యాత్ములు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. పిల్లల ముందు పరువు పోయింది, ఇక వాయిదా వెయ్యలేదు.

మొదటి శనివారం

పాడైంది గేజా, వైరా, ట్యాంకులో ఉండే సెండరా? ముందు అది తేలాలి. సెండర్ పని చిన్నదే. పెట్రోల్‌తో పాటు ఒక తేలుడు బిళ్ల పైకీ కిందికీ కదులుతుంది, దాన్ని బట్టి రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) మారుతుంది, దాన్ని చూసే గేజ్ ముల్లు కదులుతుంది. అమెరికా రకంలో ఖాళీకి 240 ఓమ్‌లు, నిండుకు 33. యూరప్ రకం దీనికి తిరగేసి ఉంటుంది. ఒక రకం గేజ్‌కి ఇంకో రకం సెండర్ బిగిస్తే గేజ్ అబద్ధమే చెబుతుంది.

గేజ్ వెనక ‘ఎస్’ అని రాసి ఉన్న చోట సెండర్ నుంచి వచ్చే గులాబీ రంగు వైరు ఉంది. అది పీకేసి తాళం తిప్పితే ముల్లు ఖాళీకి పడిపోవాలి. పడలేదు. తర్వాత ‘ఎస్’ నుంచి గ్రౌండ్‌కి (బ్యాటరీ నెగటివ్ వైపుకి) చిన్న వైరు ముక్క ఆనిస్తే నిండుకు ఎగరాలి. కాస్త వణికి ఊరుకుంది. గేజ్‌కి కరెంటు తెచ్చే ఊదా రంగు వైరులో 12.4 వోల్టులు వస్తున్నాయి, గ్రౌండ్ బాగానే ఉంది. అంటే గేజ్ పోయినట్టే. ఈ పరీక్షలో ఊదా వైరును పొరపాటున కూడా గ్రౌండ్‌కి తగలనివ్వకండి. నేను తగిలించాను, ఒక ఫ్యూజు పోయింది.

రెండో శనివారం

కొత్త గేజ్ వచ్చింది. డాష్‌బోర్డు రంధ్రం 52 మిల్లీమీటర్లు, అది మామూలు సైజే, కాబట్టి కొత్తది సులువుగా కూర్చుంది. పాతదాని వెనక నట్లకు చిలుము పట్టి, విప్పడానికే గంట పట్టింది. తాళం తిప్పాను. ముల్లు వెళ్లి ఖాళీ మీద పడుకుంది! మొన్ననే 10 గ్యాలన్లు పోశాను. “కొత్తది కూడా పాడేనా?” అంది మా ఆవిడ. కాదు, అవే రెండు పరీక్షలు పెడితే కొత్తది శుభ్రంగా పాసయింది. వెనక సీటు కింద మూత తీసి మల్టీమీటర్‌ని నేరుగా సెండర్ మీదే పెట్టాను. ఏ రీడింగూ లేదు, లోపలే తెగిపోయింది. పాత గేజ్ సగం దగ్గర ఇరుక్కుపోయి ఇన్నాళ్లూ సెండర్ జబ్బు బయటపడనివ్వలేదు. మొదటి రోజే దీన్నీ కొలిచి ఉంటే రెండూ ఒకేసారి తెప్పించేవాణ్ని, ఒక వారం కలిసొచ్చేది.

మూడో శనివారం

టెన్షన్ పడాల్సిన పని ఇదే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, అదే బ్లోయర్, చాలాసేపు తిప్పి, తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేసి, వాసన లేదని రూఢి చేసుకున్నాకే మొదలుపెట్టాను. అయిదు స్క్రూలు విప్పితే సెండర్ పైకొచ్చింది. తేలుడు బిళ్ల పగిలి ఉంది. సన్న తీగ అరిగి తెగిపోయింది.

కొత్తది కొనేముందే పొడి కర్ర ముంచి ట్యాంకు లోతు కొలుచుకున్నాను. సెండర్ అంతకన్నా కొంచెం పొట్టిగా ఉండాలి, అడుగుకు తగలకూడదు. కర్ర అంటే గుర్తొచ్చింది, రాజమండ్రిలో మా బాబాయి లాంచీలో డీజిల్‌కి గేజే లేదు, ఇలాంటి కర్రే ఉండేది. ఆయన ఎప్పుడూ నది మధ్యలో ఆగిపోలేదు.

గొట్టం మీద తేలుడు బిళ్ల జారే రకం తీసుకున్నాను. బిగించకముందే నిలబెట్టి, తలకిందులు చేసి కొలిచాను: 240, 33 చుట్టుపక్కలే వచ్చాయి. అయిదు రంధ్రాలూ సమదూరంలో ఉండవు, ఒకే వైపుకు సరిపోతాయి, బలవంతం చెయ్యకండి. పెట్రోల్ కారకుండా కింద కొత్త గాస్కెట్ వేసి, స్క్రూలన్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను.

బ్యాటరీ మళ్లీ కలిపి, ముందే తోడి ఖాళీ చేసిన ట్యాంకులో కొలిచి పోస్తూ, ప్రతిసారీ పోయడం ఆపాకే తాళం తిప్పి చూశాను. మా ట్యాంకు 20 గ్యాలన్లది, అడుగు ఇరుకు. 5 గ్యాలన్లకే ముల్లు పావు దాటింది, 10కి సగం దాటి మూడొంతుల వైపు వెళ్లింది. అంటే ముల్లు సగంలో ఉంటే లోపల సగం లేనట్టే. ఆ అంకెలు రాసి డాష్‌బోర్డు లోపల అతికించాను. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, చేతిలో ఒక వంతు అనే లెక్క ఎలాగూ ఉంది.

రాత్రి చూస్తే గేజ్‌లో లైటు వెలగలేదు. నీలం వైరు తగిలించడం మరిచిపోయాను. వచ్చే శనివారం మళ్లీ డాష్‌బోర్డు విప్పాలి.