ముందే జవాబు చెప్పాలా?

"నాన్నా, ఆన్సర్ చెప్పకు. రేపు ల్యాబ్‌లో మేమే చూస్తాం" అంది మా అమ్మాయి. బ్రిటన్‌లో ఇయర్ 10 (మన తొమ్మిది, పదో తరగతి వయసు) కెమిస్ట్రీ. ఆమ్లం గాఢత పెరిగితే చర్య వేగం ఏమవుతుందన్నది ప్రశ్న. అప్పటికే సగం వాక్యం నా నోటి నుంచి వచ్చేసింది.

ఆ వాక్యం నేను ఇంటర్‌లో బట్టీ పట్టింది. గాఢత పెరిగితే అదే ఘనపరిమాణంలో కణాలు ఎక్కువవుతాయి, అభిఘాతాలు (కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం) తరచుగా జరుగుతాయి, వేగం పెరుగుతుంది. ఎంసెట్‌ గట్టెక్కించిన చదువు అది. దాన్ని చిన్నచూపు చూడటం నా వల్ల కాదు.

మర్నాడు ల్యాబ్‌లో వాళ్లు 3 సెంటీమీటర్ల మెగ్నీషియం రిబ్బన్‌ను 50 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేశారు. ఒకసారి 1 మోలార్, ఇంకోసారి దానికి రెట్టింపు గాఢత, 2 మోలార్. వచ్చిన హైడ్రోజన్‌ని కొలిచి గ్రాఫ్ గీశారు. 2 మోలార్ గీత మొదట్లోనే నిటారుగా లేచింది. అయితే చివరికి రెండు గీతలూ ఒకే ఎత్తులో ఆగాయి. అమ్మాయి అక్కడే పట్టుకుంది. "యాసిడ్ డబుల్ అయితే గ్యాస్ కూడా డబుల్ రావాలి కదా?" రాత్రి భోజనాల దగ్గర కూడా అదే గొడవ. చివరికి తనే తేల్చింది: రెండుసార్లూ మెగ్నీషియం అంతే ఉంది, ముందు అయిపోయింది అదే, యాసిడ్ ఇంకా మిగిలే ఉంది. ఆ వయసులో ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

తర్వాత ఇంట్లో నల్లబడ్డ 2 పెన్నీల నాణేల మీద చింతపండు ప్రయోగం. 1992కు ముందు నాణేలే ఏరింది. అవి కంచువి, తర్వాతివి చాలావరకు రాగి పూత పూసిన ఉక్కువి. ఒక గిన్నెలో చిక్కటి రసం, ఇంకోదాంట్లో నీళ్లు కలిపిన రసం పోసింది. వీడియో కాల్‌లో మా అమ్మ "కాస్త ఉప్పు కూడా వెయ్యవే" అంది. "ఉప్పేస్తే ఫెయిర్ టెస్ట్ కాదు నానమ్మా!" అంటే, ఒక్క గాఢతే మారాలి, మిగతావన్నీ అలాగే ఉండాలి అని. ఇద్దరిదీ నిజమే. ఉప్పులోని క్లోరైడ్ కూడా ఆ నలుపు వదలడానికి సాయపడుతుంది.

పిల్లలు అడిగినప్పుడు కాసేపు ఆగండి అని తోటి తల్లిదండ్రులకు చెప్పాలనిపిస్తుంది. కానీ జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్ష) మార్క్ స్కీమ్, అంటే ఏ జవాబుకు మార్కులివ్వాలో చెప్పే పత్రం, తెరిస్తే అందులో అడిగేది దాదాపు నా పాత వాక్యమే. అది రాయకపోతే మార్కులు రావు. అందుకే ఒకపక్క ఆగుతూనే, ఇంకోపక్క పాత పేపర్లు ప్రింట్ తీసి పెడుతున్నాను. ఆ వాక్యం ఇప్పుడే నేర్పించాలా, తన మాటల్లో తనకు వచ్చేదాకా ఆగాలా? మా ఆవిడ ఆగమంటుంది. నాకేమో మాక్ పరీక్షల టెన్షన్.