వాడు తోసేవాడు, ఇది కొరికేది: స్నేహితుల పిల్లల మధ్య తగవులతో నా అనుభవం

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న నా స్నేహితురాలూ నేనూ పెళ్ళిళ్ళయ్యాక కూడా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోనే, వేర్వేరు సెక్టార్లలో స్థిరపడ్డాం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో రెండు కుటుంబాలూ కలిసి భోజనం చేయడం ఆనవాయితీ. వాళ్ళ అబ్బాయికి నాలుగో ఏడు నడుస్తూ, మా అమ్మాయికి ఇంకా మూడేళ్ళు నిండని రోజుల్లో ఆ భోజనాలు ఇబ్బందిగా మారాయి. వాడు తోసేవాడు, ఇది కొరికేది.

నిజానికి పిల్లలకంటే పెద్దల మొహమాటమే ఎక్కువ చిక్కు తెచ్చింది. ఆమె కొడుకును నేను మందలిస్తే ఆమె మనసు కష్టపడుతుంది, మా పిల్లను ఆమె మందలిస్తే నాకు చివుక్కుమంటుంది, ఇద్దరమూ ఊరుకుంటే దెబ్బ తిన్న బిడ్డకు దిక్కులేదు. దాంతో ఎవరి బిడ్డను వారు, అవసరానికి మించి, ఎదుటివారికి వినపడేలా కేకలేయడం మొదలైంది. అది పిల్లల కోసం వేసే కేక కాదని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. మా అత్తగారు మాత్రం “పిల్లలన్నాక కొట్టుకుంటారు, కాసేపటికి కలిసిపోతారు” అనేవారు. ఆ మాటలో సగం నిజముంది.

ఆ సగమేదో తేల్చుకోవడానికి నేను కొన్ని వారాలు మాట్లాడకుండా గమనించాను. ఆటగా పెనుగులాడేటప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ నవ్వుంటుంది, పిడికిళ్ళు బిగుసుకోవు, కాసేపు వీడు పైన ఉంటే కాసేపు అది పైన ఉంటుంది, ఆట ఆగాక కూడా ఒకరినొకరు వదలరు. తగవు అలా ఉండదు. ఒకరి ముఖం మారిపోతుంది, ఆ బిడ్డ తప్పించుకుని పోవాలని చూస్తుంది, మధ్యలో దాదాపు ఎప్పుడూ ఒక వస్తువుంటుంది. మా విషయంలో అది పసుపురంగు టిప్పర్ లారీ బొమ్మ. భోజనం ఆలస్యమైనా, మధ్యాహ్నం నిద్ర తప్పినా ఆ లారీ దగ్గర యుద్ధం ఖాయం.

పిల్లల డాక్టరు చెప్పిన మాట కూడా నాకు ధైర్యమిచ్చింది. కొట్టడం, కొరకడం రెండు మూడేళ్ళ వయసులోనే ఎక్కువగా కనిపిస్తాయి, మాటలు బాగా వచ్చేకొద్దీ తగ్గుతాయి. మాంట్రియల్‌లో పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించిన రిచర్డ్ ట్రాంబ్లే కూడా, పిల్లలు కొట్టడం కొత్తగా నేర్చుకోరని, కొట్టకుండా ఉండడమే క్రమంగా నేర్చుకుంటారని తేల్చారు.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమెకు ఫోన్ చేశాను. “మీవాడి మీద ఫిర్యాదు కాదే. ఇద్దరికీ మాటకంటే చెయ్యి ముందొస్తోంది. ఎవరు దగ్గరుంటే వాళ్ళం ఆపుదామా?” అన్నాను. కొంచెంసేపాగి, “అంటే మావాణ్ణి నువ్వు ఆపితే నేనేమీ అనుకోకూడదు, అంతేగా?” అంది. మా పిల్లను ఆమె ఆపినా నేనేమీ అనుకోనని చెప్పాను. దెబ్బ పడకముందే మణికట్టు మెల్లగా పట్టుకుని “కొట్టనివ్వను” అని ఒక్క మాట అనడం, ముందుగా దెబ్బ తగిలిన బిడ్డను దగ్గరకు తీసుకోవడం, అప్పటికప్పుడు బలవంతంగా ‘సారీ’ చెప్పించకపోవడం, జరిగినదాన్ని భోజనాల దగ్గర నవ్వులాటగా చెప్పుకోకపోవడం అనుకున్నాం. లారీని అటక మీదికి ఎక్కించాం. “మగపిల్లాడన్నాక ఆ మాత్రం ఉంటుంది” అనే ఆమె భర్తకు ఇది రుచించడానికి చాలాకాలం పట్టింది. మావారికి అసలు సమస్యే కనిపించేది కాదు.

ఇరుకు హాల్లో కాకుండా శివాజీ పార్కులో కలుసుకోవడం వల్ల సగం తగవులు పుట్టనేలేదు. తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళ బీచ్ రోడ్డుకు కూడా వెళ్ళేవాళ్ళం. అక్కడ మాత్రం ఆటకూ తగవుకూ తేడా చూడలేదు. ఆర్కే బీచ్ దగ్గర సముద్రం ఈతకు కూడా నమ్మదగినది కాదు, కాబట్టి నీటి అంచున తోపులాట కనిపిస్తే ఇద్దరినీ పైకి తెచ్చేసేవాళ్ళం. కళ్ళలోకి ఇసుక చల్లినా అంతే.

ఒకసారి మా పిల్ల కొరికితే వాడి ముంజేతిపై పళ్ళ గుర్తులు అర్ధచంద్రాకారంలో పడి, ఒకచోట చర్మం తెగింది. కుళాయి కింద సబ్బుతో బాగా కడిగి, మనిషి నోటిలోని క్రిముల వల్ల పుండు పట్టే ప్రమాదముంది కనుక వెంటనే డాక్టరుకు చూపించాం. ఏడాదిన్నర వయసులో, ధనుర్వాతం కూడా రాకుండా వేసిన డీపీటీ టీకా బూస్టరు వివరం కార్డులో చూసి, ఎర్రబారినా వాచినా మళ్ళీ తీసుకురమ్మని పంపారు. ఆస్పత్రికి నేనే వాణ్ణి ఎత్తుకుని వెళ్ళాను, మా పిల్ల ఆమె దగ్గర ఉండిపోయింది. మేమనుకున్న పద్ధతి ఇద్దరికీ నిజంగా ఒంటబట్టిందని నాకు ఆరోజే నమ్మకం కుదిరింది.

ఇప్పుడు వాడు తోయడానికి బదులు “నాది, ఇవ్వను” అని వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాడు. చెవులు చిల్లులు పడుతున్నా మేము దాన్ని అభ్యంతరపెట్టడం లేదు. కొత్తగా మాతో కలిసిన మరో కుటుంబంతో మాత్రం ఈ ప్రస్తావన ఇంకా తేలేదు. వాళ్ళ బాబుకు ఇప్పుడిప్పుడే నడక వస్తోంది కనుక, కొంత వ్యవధి ఉందనుకుంటున్నాం.