కరెంటు వచ్చినంక పీసీ లేవాలి కదా

గల్ఫ్‌లో కరెంటు పోదని మన దగ్గర గట్టి నమ్మకం. దోహా సిటీలో ఉండేవాళ్లకు అది నిజమే కావచ్చు కానీ, ఊరి బయట ఎడారిలో మా సైట్‌కు లైనే లేదు, పోర్టా క్యాబిన్లన్నీ డీజిల్ జనరేటర్ మీదే నడుస్తాయి. ఒక జనరేటర్ ఆపి ఇంకోటి ఎక్కించేటప్పుడు అంతా చీకటి. కాసేపటికి లైట్లు వెలుగుతాయి, ఏసీలు మళ్లీ మోత మొదలుపెడతాయి, పీసీ మాత్రం లేవదు. నేను ఇక్కడ ఐటీ సపోర్ట్‌లో చేస్తున్నా, మాది హనుమకొండ. పరకాల, హుజూరాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు ఇదే సైట్‌లో షట్టరింగ్, స్టీల్ ఫిక్సింగ్ పనుల్లో ఉన్నారు. వాళ్ల హాజరు తీసుకునే వేలిముద్రల మెషిన్ ఒక క్యాబిన్‌లోని పాత పీసీకి కలిపి ఉంటుంది.

ఓవర్‌టైమ్ లెక్క తయారయ్యేది ఆ పీసీలోనే. రాత్రి అది ఆగిపోతే టైమ్‌కీపర్ కాగితం మీద రాస్తాడు, కాగితం మీది గంటలు నెలాఖరుకు జీతంలోకి వచ్చేసరికి కొన్ని ఎటో పోతాయి. "తమ్మీ, నా ఓటీ ఏడవోయింది?" అని బస్సులో పక్క సీట్లోకి వచ్చి అడిగే పెద్దాయనకు బయోస్ (పీసీ లేచేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) గురించి ఏం చెప్తాం. పై ఆఫీసులో అడిగితే జనరేటర్ వాళ్లది తప్పు అంటారు, జనరేటర్ వాళ్లు ఐటీది అంటారు.

నిజానికి ఇది రెండు నిమిషాల పని. పీసీ ఆన్ అవుతుండగా బయోస్ తెరవడానికి డెల్‌లో ఎఫ్2 కొట్టాలి (హెచ్‌పీ అయితే ఎఫ్10, చాలా మదర్‌బోర్డుల్లో డిలీట్ కీ), మెనూల్లో వెతికితే డెల్‌లో ఏసీ రికవరీ అని, హెచ్‌పీలో ఆఫ్టర్ పవర్ లాస్ అని, ఆసుస్‌లో రిస్టోర్ ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది. ఇక్కడ ఏసీ అంటే కూలింగ్ ఏసీ కాదు, గోడ సాకెట్ కరెంటు. అందులో మూడు దారులుంటాయి: కరెంటు వచ్చినా ఆఫ్‌లోనే ఉండు, వెంటనే ఆన్ అవ్వు, పోయే ముందు ఎలా ఉన్నావో అలా అవ్వు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు మామూలుగా మొదటిదే పెట్టి ఉంటుంది. చాలామంది మూడోది మంచిదంటారు, ఆఫీసు టేబుల్ మీద పీసీకి అది సరే. మనిషి చెయ్యి పడని పీసీకి మాత్రం రెండోదే పెట్టాలి, ఎందుకంటే ఎవరో క్లీనింగ్ కుర్రాడు షట్‌డౌన్ నొక్కి పోయినా, మళ్లీ జనరేటర్ మారినప్పుడు అదే లేస్తుంది.

పెట్టినా కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుందంటే మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ చూడాలి, సీఆర్2032, 3 వోల్టులది. పాత పీసీలో అది చచ్చిపోయి ఉంటే, కరెంటు పోగానే తేదీ, టైమ్ ఎగిరిపోతాయి, సెట్టింగులు కూడా చాలాసార్లు వాటితోపాటే పోతాయి. హాజరు పీసీలో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి బయోస్‌లోనే ఉండే ఈఆర్‌పీ. ఇది యూరప్ వాళ్ల నిబంధన, ఆఫ్‌లో ఉన్న వస్తువు 2013 నుంచి అర వాట్‌కు మించి లాగకూడదని. మంచిదే. అది ఆన్ చేస్తే నెట్‌వర్క్ కార్డుకు అందే కొద్దిపాటి కరెంటు కూడా ఆగుతుంది, దూరం నుంచి పీసీని లేపే వేక్ ఆన్ లాన్ పనిచేయదు. కరెంటు పొదుపు పేరుతో పై ఆఫీసు నుంచి మెయిల్ వస్తే ఇక్కడ అన్ని పీసీల్లోనూ ఈఆర్‌పీ ఆన్ చేశారు. మనిషి లేని క్యాబిన్‌లో రాత్రంతా కిలోవాట్ దాటి లాగే ఏసీని మాత్రం ఎవరూ అడగలేదు. హాజరు పీసీలో దాన్ని నేను తీసేశాను, ఎవరూ ఏమనలేదు, అసలు ఎవరికీ తెలియదనుకుంటా.

మా బామ్మర్దికి హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. క్యాంపులో ఉండే మా సైట్ వాళ్ల పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు స్కాన్ చేసి అక్కడి పీసీలోనే పెట్టించాను, అవసరమైనప్పుడు ఇక్కడి నుంచి రిమోట్‌లో తీసుకుంటా. మనకంటే దోహా రెండున్నర గంటలు వెనక. అక్కడ తొమ్మిదికి షట్టర్ తీస్తే ఇక్కడ ఆరున్నర, నేను సైట్ బస్సులో ఉంటా. ఎండాకాలం గాలిదుమారం లేస్తే అక్కడా కరెంటు పోతుంది. వాడు ఫోన్ కెమెరా తెరకు ఎదురుగా పట్టుకుంటే వీడియో కాల్‌లో చూస్తూ అదే సెట్టింగ్ మార్చేలా ఒక్కొక్కటీ చెప్పాను. "బావా, మౌస్ ఆడ్తలేదు." "ఆడకపోతే ఏంది, బాణం గుర్తులు నొక్కురా."

ఆన్ అవ్వు అని పెట్టించినా ఒకసారి కరెంటు వచ్చాక లేవలేదు. తప్పు యూపీఎస్‌ది. కరెంటు పోగానే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ పీసీని పద్ధతిగా షట్‌డౌన్ చేసింది, యూపీఎస్‌లో ఛార్జ్ ఇంకా ఉండగానే కరెంటు వచ్చేసింది. పీసీ లెక్కలో కరెంటు అసలు పోలేదు, కాబట్టి లేవడానికి కారణమే లేదు. యూపీఎస్ సాఫ్ట్‌వేర్‌తో పీసీ ఆపే ఏ షాపులోనైనా ఈ తిరకాసు రావచ్చు. దీనికి బయోస్‌లోనే ఆటో ఆన్ టైమ్ ఉంది, రోజూ ఫలానా టైమ్‌కు లేవమని చెప్పొచ్చు, ఏ రోజుల్లో లేవాలో కూడా ఎంచుకోవచ్చు. పొద్దున ఎనిమిదిన్నరకు పెట్టించాను.

ఆదివారం షాపు బంద్ కదా, ఆ రోజు టిక్ తీసేద్దామన్నాడు. వద్దన్నాను, మాకు సెలవు శుక్రవారం, ఆదివారం డ్యూటీనే, హెచ్‌ఆర్ ఏ కాగితం ఎప్పుడు అడుగుతాడో తెలియదు. "మరి కరెంటు బిల్లు బావా?" అన్నాడు. నా ఖాతాలో రాసుకోమన్నాను.