జెండా కర్రకు ఆనుకున్న బంతి

ఆదివారం. చీకటితోనే లేచి మావయ్యను కారెక్కించుకుని బెంగళూరు చల్లఘట్టలో గోల్ఫ్ కోర్సుకు వెళ్లాను. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎనిమిదేళ్లకు ఆయన మళ్లీ ఆడటం ఇవాళే. దొమ్లూరు ఫ్లైఓవర్ దాటేదాకా నోరు విప్పలేదంటే లోపల ఎంత టెన్షన్ పడుతున్నారో నాకు తెలుసు.

మొదటి కొన్ని హోల్స్ గురించి రాయడానికేం లేదు. తర్వాత వచ్చిన ఒక పార్ ఫోర్‌లో, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌లో, రెండు షాట్లకే గ్రీన్ మీదకు, అంటే గుంట చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించిన చోటికి చేరారు. బంతి పడాల్సిన గుంట (దాన్నీ హోల్ అనే అంటారు) ఇంకా ముప్పై అడుగులుంది. బ్యాగు మోసే క్యాడీ వచ్చి పిన్ (గుంటలో నిలిపే జెండా కర్ర) తీస్తాడులే అన్న పాత అలవాటుతో పట్ కొట్టేశారు, అంటే బంతిని నేల మీదే దొర్లించారు. బంతి వంపు తిరిగి వెళ్లి, టక్కుమని జెండా కర్రకు తగిలి, అక్కడే నిలిచిపోయింది.

మావయ్య ముఖం వాడిపోయింది. "రెండు పెనాల్టీ" అంటూ పెన్సిల్ తీశారు.

"ఆగండి మావయ్యా!" అని దగ్గరికెళ్లి మోకాళ్ల మీద వంగి చూశాను. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి 42.67. కర్ర నిటారుగా ఉంటే చుట్టూ బంతి దిగేంత సందు ఉంటుంది. గాలికి కర్ర మావైపు వాలడంతో సందు తగ్గి, బంతి కర్రకూ అంచుకూ మధ్య ఇరుక్కుంది. తడికి అంటిన గడ్డిపరక ఒకటి దాని మీద. సగం బంతి నేల మట్టానికి కిందే ఉంది.

గ్రీన్ మీంచి కొట్టిన బంతి, ఎవరూ పట్టుకోని పిన్‌కు తగిలితే రెండు స్ట్రోకుల పెనాల్టీ వేసే రూలు 2018తో పోయింది. 2019 జనవరి 1 నుంచి పిన్ ఉంచే ఆడొచ్చు, తగిలినా తప్పు లేదు. ఇదివరకు బంతి మొత్తం అంచు కిందకు దిగితేనే లెక్క. ఇప్పుడు పిన్‌కు ఆనుకున్న బంతిలో ఏ కాస్త భాగం మట్టానికి కిందున్నా హోల్‌లో పడ్డట్టే. పిన్ పట్టుకోవడానికి మనిషి లేనివాళ్లకు ఇది ఎంత మేలో! నాకు ఈ మార్పు చాలా నచ్చింది.

మావయ్యకు నమ్మకం కుదరలేదు. ఎప్పుడో ఒక పోటీలో ఆయన పట్ ఇలాగే పిన్‌కు తగిలిందట. ఎవరూ గమనించలేదు. "నేనే చెప్పి రాయించుకున్నానమ్మా. ఒక్క స్ట్రోకుతో కప్పు పోయింది" అన్నారు. ఆ మాట ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా కళ్లు చెమర్చాయి.

క్యాడీది ఆంధ్ర సరిహద్దు దగ్గరి ముళబాగిలు, ఇంట్లో తెలుగే. "పడినట్లే సార్, రాసుకోండి" అన్నాడు. పిన్‌ను మెల్లగా నిటారుగా లేపాడు. బంతి జారి లోపల డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది.

మావయ్య అప్పటికే రాసిన 5 కొట్టేసి పక్కన 3 వేశారు. పార్ కన్నా ఒకటి తక్కువ, అంటే బర్డీ కదా, దాని చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశారు.