ధవళేశ్వరం అంకె, మన రేవు మెట్టు

గోదావరికి వరద తగిలిందంటే డెల్టా అంతా రెండు చోట్ల నీటిమట్టం గురించే మాట్లాడుకుంటుంది. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులకు వరుసగా మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ వద్ద 11.75, 13.75, 17.75 అడుగులకు అవే హెచ్చరికలు ఇస్తారు. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి, అక్కడ చుట్టాలున్న ప్రతి ఇంటివారూ ముందు వారికే ఫోన్ చేస్తారు.

అయితే నది నడుమ దీవులైన లంకల్లో ఉండేవారికి ధవళేశ్వరం అంకె సగం కబురు మాత్రమే. బ్యారేజీ దిగువన నది గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి, ఒక్కొక్క లంకను ఒక్కొక్క తీరుగా తాకుతుంది. ఏటిగట్టు రక్షణ ఉన్న ఊళ్ళలో జనం ఇంకా నిబ్బరంగా ఉన్న సమయానికే, పల్లపు లంకల్లో కాజ్‌వే మునిగి, పిల్లలు బడికి పడవ ఎక్కవలసి వస్తుంది. అందుకే పాత పడవవారు ధవళేశ్వరం అంకెను తమ రేవు మెట్లతో సరిపోల్చి చెబుతారు. "పదమూడు దాటిందంటే మన రేవులో మూడో మెట్టు మునుగుతుందండి, గేదెలను ఇప్పుడే గట్టెక్కించండి" అన్న ఒక్క మాటకు ఊరు కదిలినంతగా, లక్షల క్యూసెక్కుల లెక్కకు కదలడం నేను చూడలేదు.

2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. ఆ రోజుల్లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎక్కువ మేలు చేసినవి వీడియోలు కావు; రేవు దగ్గర నిలబడి, వేళ రాసి, నీరు ఏ మెట్టు వరకు వచ్చిందో తెలిపిన చిన్న సందేశాలు. అదే గ్రూపులో ఒక రాత్రి, గట్టుకు గండి పడిందని ఎవరో పెట్టారు. 1986లోనూ 2006లోనూ గండ్లను చూసిన ప్రాంతం కనుక ఆ మాటకు పసిపిల్లలను చంకనెత్తుకుని రోడ్డెక్కినవారున్నారు. గట్టు మీద ఇసుక బస్తాల దగ్గర కాపలా ఉన్న కుర్రవాడికి ఒకరు ఫోన్ చేసి నిజం కనుక్కున్న తరువాతే ఊరు కుదుటపడింది. చూసినవారెవరో, ఎన్ని గంటలకు చూశారో లేని కబురును ముందుకు పంపకూడదని ఆ మరునాడే పెద్దలు కట్టడి చేశారు.

ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు పెద్దవారు మొండికేస్తారని అధికారులు విసుక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది. పాడి గేదెను కట్టుకొయ్యకు వదిలి పునరావాస కేంద్రానికి ఎవరు వెళ్ళగలరు? పశువులను ఎక్కడ కట్టాలి, ఎండుగడ్డి ఎవరు తెస్తారు, పడవ ఎన్ని గంటలకు వస్తుంది అన్నవి చెప్పని హెచ్చరిక, ఎన్నిసార్లు మైకులో వినిపించినా, అసంపూర్తిగానే ఉంటుంది. నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం మాత్రం ఇప్పుడు చాలాచోట్ల సక్రమంగా జరుగుతోంది.

తుపాను సంగతి వేరు. నదీ వరద ఒక రోజు గడువిస్తుంది, ఫోన్లు చాలావరకు పనిచేస్తాయి. తుపాను గాలికి ముందు పోయేవి కరెంటు స్తంభాలు, ఆ వెనుకనే సెల్ టవర్లు. 1996 నవంబరు 6న కోనసీమను, యానాం పరిసరాలను ఊడ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్ళినవారికి కబురందించే దారే లేకపోయింది. నేడు సెల్‌ఫోన్లకు నేరుగా హెచ్చరికలు వస్తున్నాయి, మైకు కట్టిన ఆటోలు తిరుగుతున్నాయి. కాని గాలి మొదలైన తరువాత కబురు మనిషి నోటనే నడవాలి. ఏ వీధిలో ఒంటరి వృద్ధులున్నారో, ఎవరి డాబా మీద ఎందరు తలదాచుకోగలరో తెలిసినవారు వీధికొకరైనా ముందే సిద్ధంగా ఉండాలి.

మా రేవు స్తంభం మీద, ధవళేశ్వరంలోని మూడు హెచ్చరికలకు ఇక్కడ నీరు ఎంతవరకు వస్తుందో రంగు గీతలుగా వేయించాలని పంచాయతీని కోరుతున్నాము. గత వరదల ఆనవాళ్ళను పడవవారు చూపిస్తామన్నారు. గోదావరికి ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, వచ్చేలోగా ఆ పని పూర్తి కావాలి.